చీటీ నంబరు 63: ప్రజల్ని ఎప్పుడు అడగాలి?

ఆ చీటీ మీద 63 అని రాసి ఉంది. రూళ్ల కాగితాన్ని స్కేలు పెట్టి చించి, నీలం సిరాతో అంకె వేసి, కింద ఒక పొట్టి సంతకం చేశారు. దాన్ని పిడికిట్లో పట్టుకున్న రైతు నా పక్క కుర్చీలో నిలకడగా కూర్చోలేకపోతున్నాడు. పది నిమిషాలకోసారి లేచి షామియానా అంచుదాకా వెళ్లి, తూర్పువైపు ఆకాశం చూసి వస్తున్నాడు. నవంబరు చివరి వారం. బంగాళాఖాతంలో అల్పపీడనం. ఆయన ధాన్యం రోడ్డు పక్కన ఆరబోసి ఉంది. కప్పడానికి పట్టాలున్నాయి కానీ లాగి కప్పే మనుషులు లేరు. ఇంటి దగ్గర భార్య, నడుము వంగిన తల్లి మాత్రమే ఉన్నారు.

మా అమ్మమ్మగారి ఊరికి మూడు కిలోమీటర్ల దూరంలో ఒక కర్మాగారం ఉంది. దాని ఉత్పత్తి సామర్థ్యం పెంచుకోవడానికి పర్యావరణ అనుమతి కావాలి, ఆ అనుమతికి ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. బాబాయి ఫోను చేసి రమ్మంటే వెళ్లాను. ఉదయం పదకొండుకు అనుకున్న సభ పన్నెండుకు మొదలైంది. స్వాగత వచనాలు, వేదిక మీది పెద్దల పరిచయం, తర్వాత నివేదిక తయారుచేసిన నిపుణుడి ప్రసంగం. తెర మీద పట్టికలన్నీ ఇంగ్లిషులో ఉన్నాయి, ఎండకి అవి కూడా సరిగా కనిపించలేదు. ఆ తర్వాత నాయకులు మాట్లాడారు. అప్పటికి గానీ చీటీలు పిలవడం మొదలు కాలేదు. మూడు గంటలు కావస్తున్నా నలభయ్యో నంబరు దాటలేదు.

ఆ రైతు సంచిలో ఒక లీటరు సీసా ఉంది. అందులో ఆయన బోరు నీళ్లు. పైకి తేటగానే ఉన్నాయి, అడుగున మాత్రం సన్నటి తుప్పురంగు మడ్డి పేరుకుంది. కదిపితే లేస్తుంది, కాసేపటికి మళ్లీ దిగుతుంది. రెండు మూడుసార్లు నాకు కదిపి చూపించాడు. ఆయన చెప్పదలచుకున్నదంతా అదే. రెండు నిమిషాల మాట.

మబ్బు కమ్ముకొచ్చింది. ఆయన లేచి చీటీని, సీసాని మా బాబాయి చేతిలో పెట్టాడు. "నువ్వు చెప్పన్నయ్యా. నీళ్లు మాత్రం తప్పకుండా చూపించు" అని, మోటారుసైకిలు తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ రోజు నుంచి నన్ను వదలని ప్రశ్న ఒకటుంది. ప్రజల్ని అడగాలా వద్దా అన్న ప్రశ్న మన దేశంలో ఎప్పుడో తేలిపోయింది. అడగాలనే చట్టం చెబుతోంది. ఎప్పుడు అడగాలి అన్నదే ఎవరూ పట్టించుకోని ప్రశ్న. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: నిర్ణయం మారడానికి వీలున్నప్పుడు అడిగితేనే అది అడగడం. ఆ వీలు పోయాక ఎంత పెద్ద షామియానా వేసినా, ఎంతమందికి మైకు ఇచ్చినా, అది పెళ్లయ్యాక పిల్లవాడు నచ్చాడా అని అడగడమే.

చట్టం రాసినవాళ్లు ఈ విషయాన్ని బొత్తిగా మరిచిపోయారని అనను. 2006 సెప్టెంబరు 14న కేంద్రం ఇచ్చిన పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్‌లో మంచి మాటలు చాలా ఉన్నాయి. సభ ప్రాజెక్టు స్థలంలో గానీ దానికి బాగా దగ్గరలో గానీ జరగాలి. కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఒక జాతీయ పత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో ప్రకటన రావాలి. జిల్లా కలెక్టరు గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేటు స్థాయికి తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహించాలి. మొత్తం వీడియో తీయాలి. చివర్లో ఏ అభ్యంతరాలు వచ్చాయో స్థానిక భాషలో చదివి వినిపించాలి. సభకు హాజరైన ప్రతి వ్యక్తికీ సమాచారం అడిగే, సందేహం తీర్చుకునే అవకాశం ఇవ్వాలి.

హాజరైన ప్రతి వ్యక్తికీ. ఆ మాట నాకు ఎంతో నచ్చింది, అదే నన్ను బాధపెట్టింది కూడా. వరికోతల కాలంలో, పని రోజున, పట్టపగలు హాజరు కాగలిగేవాడు ఎవరు? అయిదు గంటలు కుర్చీలో కూర్చుని వంతు కోసం ఎదురుచూడగలిగేవాడు ఎవరు? తేదీ వేసినప్పుడే సభలో ఎవరి గొంతు వినిపిస్తుందో సగం తేలిపోతుంది. 2020లో ఈ నోటిఫికేషన్‌కు బదులు తేవాలనుకున్న ముసాయిదాలో 30 రోజుల గడువును 20కి తగ్గించాలని చూశారు. ఆ పది రోజుల విలువ, నోటీసు చేరిన రోజునే నివేదిక మొత్తం చదివేసే స్తోమత ఉన్నవాళ్లకు అర్థం కాదు. ఆ ముసాయిదాను మొదట హిందీ, ఇంగ్లిషుల్లోనే ప్రకటించారు. దేశంలోని 22 భాషల్లోకి అనువదించమని ఢిల్లీ హైకోర్టు చెప్పవలసి వచ్చింది. అభిప్రాయం అడుగుతున్న కాగితాన్ని అర్థమయ్యే భాషలో ఇవ్వమని న్యాయస్థానం ఆదేశించవలసిన పరిస్థితి అది.

గడువు కన్నా లోతైన లోపం మరొకటి ఉంది. ఇలాంటి అనుమతికి నాలుగు మెట్లుంటాయి. మొదటిది, ప్రాజెక్టు ఏ తరగతిలోకి వస్తుందో చూడటం. రెండోది, నివేదికలో ఏ ఏ విషయాలు పరిశీలించాలో ఖాయం చేయడం. మూడోది ప్రజాభిప్రాయం. నాలుగోది నిపుణుల కమిటీ మదింపు. ప్రజలు వచ్చేది మూడో మెట్టు మీద. ఏమేమి పరిశీలించాలో తేల్చే రెండో మెట్టు దగ్గర ఊరివాళ్లు ఒక్కరూ ఉండరు. ఆ ఊళ్లో ఏ వాగు ఏ నెలలో పొంగుతుందో, ఏ చెరువు అలుగు పారి ఎటు పోతుందో, ఏ బోరు నీళ్లు ఎప్పటి నుంచి రంగు మారాయో తెలిసినవాళ్లు ఊరివాళ్లే. ప్రశ్నపత్రం తయారయ్యేటప్పుడు వాళ్లను పిలవరు, జవాబులు అచ్చయ్యాక పిలిచి ఎలా ఉన్నాయి అంటారు. అప్పుడు వాళ్లు "వద్దు" అని అరవడం తప్ప ఏం చేయగలరు? ఇవే సభలు చూసి జనానికి అభివృద్ధి అక్కర్లేదని కొందరు రాస్తుంటారు. నాకు అలా కనిపించలేదు. వాళ్లను ప్రశ్న దగ్గర అడిగి ఉంటే, నివేదికలో ఉండవలసిన సగం పేజీలు వాళ్లే చెప్పేవారు.

శ్రీకాకుళం జిల్లా సోంపేట సంగతి చూడండి. అక్కడి బీల ప్రాంతం చిత్తడి నేల. దాని నీటితో సాగు చేసేవాళ్లు, అందులో చేపలు పట్టుకునేవాళ్లు తరతరాలుగా ఉన్నారు. అక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రం పెట్టాలని భూమి ఇచ్చాక, 2009లో అభిప్రాయ సేకరణ జరిగింది. ఆ ఏడాది చివర్లోనే పర్యావరణ అనుమతి వచ్చింది. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ అనుమతిని రద్దు చేసింది. బీల బీడుభూమి కాదు, నీళ్లున్న నేల అని చెప్పడానికి ఏ విశ్వవిద్యాలయం పట్టా అవసరం లేదు. వల భుజాన వేసుకుని వెళ్తున్న మనిషిని ఆపి అడిగినా చెప్పేవాడు. ఆ మాటను స్థలం ఎంచుకునే ముందు అడగలేదు. ఎంచుకున్నాక చెబితే వినలేదు. ఆ ఒక్క తేదీని గురించి రాసేటప్పుడు ఇప్పటికీ నా చేయి ఆగిపోతుంది.

ఒడిశా నియమగిరిలో ఇంకో రకంగా జరిగింది. కొండ కింద లాంజిగఢ్‌లో అల్యూమినా శుద్ధి కర్మాగారం ముందు లేచింది, కొండ మీది బాక్సైటు తవ్వకానికి అక్కడి గిరిజనులైన డోంగ్రియా కోందుల అభిప్రాయం అడగడం ఆ తర్వాత వచ్చింది. సుప్రీంకోర్టు తీర్పు మేరకు 2013లో 12 పల్లెసభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. ఖనిజం దొరకని చోట కర్మాగారం కట్టుకున్న కంపెనీకి కూడా అది నష్టమే. ఆలస్యంగా అడగడం వల్ల జనమే నష్టపోతారని అనుకుంటాం గానీ, పెట్టుబడి పెట్టినవాళ్లు కూడా మునుగుతారు.

ఇక కరెంటు సంగతికి వస్తాను. నాకు అన్నిటికన్నా ఎక్కువ ఆసక్తి ఉన్నది ఇందులోనే. కర్మాగారం ఏ ఊరి పక్కనో వస్తుంది, కరెంటు బిల్లు ప్రతి ఇంటికీ వస్తుంది.

2003 విద్యుత్ చట్టం ప్రకారం పంపిణీ సంస్థలు, అంటే మనం డిస్కంలు అనేవి, తమ రాబడి అవసరాల లెక్కలను విద్యుత్ నియంత్రణ మండలి ముందు పెట్టాలి. ఆ ప్రతిపాదనల సారాంశాన్ని పత్రికల్లో ప్రకటించాలి. ప్రజల నుంచి వచ్చిన సలహాలు, అభ్యంతరాలు అన్నీ పరిశీలించి, 120 రోజుల్లో మండలి ఉత్తర్వు ఇవ్వాలి. మన దగ్గర ఈ వ్యవహారం ఏటా ఒక పంచాంగం ప్రకారం నడుస్తుంది. నవంబరు ఆఖరుకు లెక్కలు దాఖలు, సంక్రాంతికి అటూఇటూ బహిరంగ విచారణలు, మార్చి ఆఖరుకు ఉత్తర్వు, ఏప్రిల్ 1 నుంచి కొత్త ధరలు. చూడటానికి ఎంతో పద్ధతిగా ఉంటుంది. నిజంగానే దేశంలో చాలా ప్రభుత్వ వ్యవహారాలతో పోలిస్తే ఇది మెరుగైన పద్ధతి. రైతు సంఘాలవాళ్లు, విశ్రాంత ఇంజినీర్లు, చిన్న పరిశ్రమలవాళ్లు, కమ్యూనిస్టు పార్టీల కార్యకర్తలు వందల పేజీల పట్టికలు చదువుకుని వచ్చి, యూనిట్ల లెక్కలతో వాదిస్తారు. వాళ్ల మీద నాకు అపారమైన గౌరవం.

కానీ ఆ విచారణలో తేలవలసిన పెద్ద ఖర్చు అప్పటికే తేలిపోయి ఉంటుంది. డిస్కంల ఖర్చులో సింహభాగం కరెంటు కొనుగోలుదే. ఆ కొనుగోలు ధర ఏటా జనవరిలో నిర్ణయం కాదు. ఎప్పుడో కుదిరిన విద్యుత్ కొనుగోలు ఒప్పందంలో ఖాయమవుతుంది. ఆ ఒప్పందాలు చాలావరకు ఇరవై అయిదేళ్లవి. ఉదాహరణకు 2021 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ డిస్కంలు కేంద్రప్రభుత్వ సౌర విద్యుత్ సంస్థతో 7,000 మెగావాట్లకు కుదుర్చుకున్న ఒప్పందం ధర యూనిట్‌కు 2 రూపాయల 49 పైసలు, గడువు 25 ఏళ్లు. ఆ ధర ఎక్కువా తక్కువా అన్న వాదనలోకి నేను ఇక్కడ వెళ్లను. నేను అడిగేది ఒక్కటే. ఒక బిడ్డ పుట్టి, చదువుకుని, ఉద్యోగంలో చేరేదాకా వాళ్ల ఇంటి బిల్లును ప్రభావితం చేసే సంతకం ఇది. బహిరంగ విచారణకు అసలైన సమయం ఆ సంతకానికి ముందా, లేక ఆ తర్వాత ఏటా వచ్చే జనవరులా? సంతకం అయ్యాక జనవరిలో వచ్చి అడిగితే, ఒప్పందం ఉంది కదా, కోర్టులు ఊరుకోవు అని మండలి చెప్పవలసి వస్తుంది. ఆ మాట కూడా నిజమే.

మన రాష్ట్ర చరిత్రలో దీనికి బాధాకరమైన పాఠం ఉంది. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చింది. 1999 ఫిబ్రవరిలో విద్యుత్ బోర్డు కరెంటు ఉత్పత్తి చేసే జెన్‌కో, సరఫరా చేసే ట్రాన్స్‌కోలుగా విడిపోయింది. ఆ సంస్కరణలకు ప్రపంచ బ్యాంకు అప్పు తోడైంది. నియంత్రణ మండలి ఏర్పడింది. 2000లో ఆ మండలి తొలిసారి చార్జీల మీద విచారణ జరిపి, ఉత్తర్వు ఇచ్చింది. బిల్లులు పెరిగాయి. వేసవంతా ఊరూరా ఆందోళనలు జరిగాయి. 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయారు. విచారణ జరగలేదని అనలేం, జరిగింది. అయితే సంస్కరణల దారి, ఆ దారిలో చార్జీలు పెరగాలన్న ఆలోచన అంతకుముందే ఒప్పందాల్లో ఖాయమైపోయాయి. ఎంత పెంచాలి అన్నది విచారణకు వచ్చింది గానీ, ఎందుకు పెంచాలి, ఇంకో దారి లేదా అన్నది రాలేదు. ఆ ప్రశ్నకు గది దొరకలేదు కాబట్టే అది వీధిలోకి వచ్చిందని నేను నమ్ముతాను.

ఇరవై ఏళ్లు దాటాక మరో రకం తప్పు జరిగింది. 2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ నియంత్రణ మండలి పాత సంవత్సరాల ఖర్చుల తేడా కింద 3,669 కోట్ల రూపాయలు వసూలు చేసుకోవడానికి అనుమతించింది. ట్రూ అప్ చార్జీలు అన్న మాట సామాన్యుల నోట నానడం అప్పటినుంచే. సెప్టెంబరు బిల్లుల్లో ఆ మొత్తం కనిపించగానే గగ్గోలు పుట్టింది. ప్రతిపాదనల మీద పత్రికల్లో బహిరంగ ప్రకటన ఇవ్వలేదన్న అభ్యంతరం హైకోర్టుదాకా వెళ్లింది. చివరికి మండలి తన ఉత్తర్వును వెనక్కి తీసుకుని, ప్రకటన ఇచ్చి, మళ్లీ విచారణ జరపవలసి వచ్చింది. కొన్ని అంగుళాల పత్రికా ప్రకటన ఇవ్వకపోవడం వల్ల మొదటికి రావలసి వచ్చింది. నోటీసు ఒక లాంఛనం అనుకునే అధికారులందరూ ఈ ఉదంతాన్ని ఒకసారి చదవాలి.

ఇప్పుడు ఇంకో మలుపు వచ్చింది, ఇది నాకు మరీ ఆందోళన కలిగిస్తోంది. 2022 డిసెంబరు ఆఖర్లో కేంద్రం విద్యుత్ నిబంధనలను సవరించింది. ఇంధనం, విద్యుత్ కొనుగోలు ఖర్చులు పెరిగితే ఆ తేడాను నెలనెలా దానంతట అదే బిల్లులో కలిపేయవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో యూనిట్‌కు 40 పైసల వరకు అలా వేయడానికి వీలు కల్పించారు. ఆ నెల విచారణ ఏమీ ఉండదు. ఏడాది లెక్క తేలాక మిగిలిన తేడా మీద విచారణ ఉంటుంది. అప్పటికి ఎంత ఆలస్యమవుతుందో చూడండి. 2022-23లో వాడిన కరెంటు తాలూకు 6,072 కోట్ల రూపాయల సర్దుబాటుకు 2024 అక్టోబరులో అనుమతి వచ్చింది. ఆ రెండేళ్లలో ఎన్ని అద్దె ఇళ్లలో మనుషులు మారి ఉంటారు? ఎవరో వెలిగించుకున్న దీపానికి ఇంకెవరో నూనె పోస్తున్నారు. బొగ్గు ధర పెరిగితే డిస్కంలు ఏడాది ఆగలేవు, వడ్డీ పెరిగి చివరికి ఆ భారం కూడా మన మీదే పడుతుంది అన్న వాదనను నేను కాదనను. నెలనెలా వేయండి. కానీ ఏ కేంద్రం నుంచి, ఏ ధరకు, ఎందుకు కొనవలసి వచ్చిందో మూడు నెలలకోసారి బహిరంగంగా కూర్చుని చెప్పండి. డబ్బు నెలకోసారి, సమాధానం రెండేళ్లకోసారి అంటే ఎవరూ ఒప్పుకోరు.

ఈ మాటలన్నీ రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరైన మా పెద్దనాన్నతో అన్నాను. ఆయన ఓపికగా విని, "నువ్వు ఒక సభకు వెళ్లావురా, నేను ఇరవై నడిపాను" అన్నారు. ఆయన వాదన తేలికైనది కాదు. ముందే అడిగితే ముందుగా తెలిసేది ఊరివాళ్లకు కాదు, భూముల వ్యాపారులకు అన్నారు. ఇంకా స్థలం ఖాయం కాకముందే ఫలానా చోట ఏదో వస్తుందట అన్న మాట బయటికి పొక్కితే, నెల తిరక్కుండా ఎకరాలు చేతులు మారతాయి. అమాయకుడైన రైతు చవగ్గా అమ్ముకుంటాడు, మధ్యవాడు పరిహారం కొట్టేస్తాడు. "తొందరగా అడగడం కూడా పాపమే, గుర్తుంచుకో" అన్నారు. ఇంకో మాట కూడా అన్నారు. చేతిలో నివేదిక లేకుండా సభ పెడితే జనం అడిగే ప్రతి ప్రశ్నకూ ఇంకా తెలియదు అని చెప్పాలి. దాచిపెడుతున్నారన్న అనుమానం పెరుగుతుంది. "జవాబు లేనివాడిని ఊరి మధ్య నిలబెడితే వాడి మీదికి రాళ్లు రాక ఏమవుతుంది?"

రెండు రోజులు ఆలోచించాను. భూముల వ్యాపారుల సంగతిలో ఆయన చెప్పింది నిజం, నా కళ్లతో చూశాను. అయితే ఆ వ్యాపారులకు ఎప్పుడూ ముందే తెలుస్తూనే ఉంటుంది. రహస్యం దాగేది రైతు దగ్గర మాత్రమే. అందరికీ ఒకేసారి చెబితే, రైతుకు కనీసం అమ్మాలా ఆగాలా అని ఆలోచించుకునే వీలుంటుంది. రెండో మాటకు నా జవాబు వేరు. తెలియదు అని చెప్పడానికి భయపడే అధికారి పరిస్థితి నాకు అర్థమవుతుంది. అయినా మొదటి సభలో ఆయన వేదిక మీద నుంచి జవాబులు చెప్పవలసిన పని లేదు. కింద కూర్చుని ప్రశ్నలు రాసుకుంటే చాలు. ఏ ప్రశ్నలకు జవాబు వెతకాలో ఊరివాళ్లనే అడిగి, ఆ పట్టిక పంచాయతీ గోడ మీద అంటించి వెళ్లండి. నివేదిక తయారయ్యాక అదే పట్టిక పట్టుకుని మళ్లీ రండి. మీరు అడిగిన పదకొండో ప్రశ్నకు ఇదీ జవాబు, పన్నెండోదానికి జవాబు దొరకలేదు అని చెప్పండి. అలా చెప్పిన అధికారి మీదికి ఏ ఊళ్లోనూ రాయి రాదని నా నమ్మకం. పెద్దనాన్న తల ఊపలేదు, కాదనలేదు. "రెండుసార్లు సభ పెట్టడానికి బడ్జెట్టు ఎవడిస్తాడు" అని మాత్రం అన్నారు. ఒక్కసారి పెట్టి ఆ తర్వాత పదేళ్లు కోర్టుల చుట్టూ తిరగడానికి బడ్జెట్టు ఎక్కడి నుంచి వస్తోందో అక్కడి నుంచే ఇవ్వవచ్చు.

ముందే అడిగితే నిర్ణయం నిజంగా మారుతుందనడానికి మన దేశంలోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. ఇంటర్నెట్‌లో కొన్ని సైట్లకు ఒక ధర, మిగతావాటికి ఇంకో ధర పెట్టవచ్చా అన్న విషయం మీద టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2015లో సంప్రదింపుల పత్రాలు విడుదల చేసింది. మొదటి పత్రానికే పది లక్షలకు పైగా ఈమెయిళ్లు వచ్చాయి. 2016 ఫిబ్రవరి 8న అలాంటి వివక్షా ధరలను నిషేధిస్తూ ఉత్తర్వు వచ్చింది. అప్పటికి ఏదీ ఖాయం కాలేదు కాబట్టి జనం మాటకు బలం వచ్చింది. అయితే అది కంప్యూటరు ముందు కూర్చునేవాళ్ల సమస్య, వాళ్లకు ఏ వేళైనా ఒకటే. బోరు నీళ్లు రంగు మారిన మనిషి ఈమెయిలు పంపడు.

అందుకే నియంత్రణ సంస్థలు తేదీ వేసేటప్పుడు గోడమీది క్యాలెండరుతో పాటు ఊరి క్యాలెండరు కూడా చూడాలంటాను. వరి పండే చోట నాట్ల రోజుల్లో, కోతల రోజుల్లో సభ వద్దు. మత్స్యకార గ్రామాల్లో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మర బోట్లకు వేట నిషేధం ఉంటుంది, ఆ రెండు నెలలు మగవాళ్లు ఒడ్డునే ఉంటారు. సముద్రానికి సంబంధించిన ప్రాజెక్టు మీద అభిప్రాయం అడగాలంటే అంతకన్నా మంచి సమయం ఏముంది? పట్నంలో చార్జీల మీద విచారణ అయితే ఒక్క రోజైనా సాయంత్రం ఆరు తర్వాత పెట్టండి. కిరాణా కొట్టు నడిపే మనిషి, కుట్టుమిషను మీద బతికే ఆడమనిషి పగటి పూట పని మానుకుని రాలేరు. వాళ్లిద్దరికీ కరెంటు ధర లాభనష్టాల లెక్క. ఉపాధి హామీ పనికి వెళ్లే కూలీకి సభ రోజున ఆ రోజు కూలి ఇచ్చి పిలిస్తే ఇంకా మంచిది. ఇది లంచం అవుతుందని అంటే నాకు కోపం వస్తుంది. వేదిక మీద ఉన్న అందరూ ఆ రోజు జీతం మీదే వచ్చారు.

అన్నిటికీ సభలు పెట్టమని నేను అనడం లేదు. తుపాను వచ్చి స్తంభాలు కూలితే ముందు కరెంటు ఇవ్వాలి, ఖర్చు గురించి తర్వాత కూర్చోవాలి. లైన్లో లోపం వస్తే పసిగట్టే రిలే ఎక్కడ పెట్టాలి, ట్రాన్స్‌ఫార్మరు సామర్థ్యం ఎంత ఉండాలి అన్నవి ఇంజినీర్లు తేల్చుకుంటారు. బహిరంగ విచారణ అంటే ఓటింగు కూడా కాదు. నూరుమంది వద్దన్నా సరైన కారణం ఉంటే నియంత్రణ మండలి అవునని చెప్పవచ్చు. కానీ ఆ కారణం ఆ నూరుమందికీ చెప్పాలి. సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షను కూడా ఇదే అంటుంది: నిర్ణయం వల్ల ప్రభావితమయ్యేవారికి దాని కారణాలు తెలపాలి. మూడో సభ గురించి ఎవరూ మాట్లాడరు గానీ, నా దృష్టిలో అదే ముఖ్యం. నిర్ణయం వెలువడ్డాక నెల లోపల అదే షామియానా, అదే ఊళ్లో మళ్లీ వేసి, మీరు ఇది చెప్పారు, ఇది విన్నాం, ఇది వినలేదు, ఎందుకంటే ఇది అని చెప్పే సభ. అలాంటి సభ ఒక్కటి కూడా నేను చూడలేదు.

ఆ రోజు సాయంత్రం నాలుగు కావస్తుండగా మైకులో 63 అని పిలిచారు. బాబాయి సీసా పట్టుకుని లేచాడు. చీటీ ఎవరి పేరున ఉందని అడిగారు. చెప్పాడు. ఆ మనిషే మాట్లాడాలన్నారు. "ఆయన ధాన్యం కప్పుకోవడానికి వెళ్లాడండీ. ఈ నీళ్లు చూపించమన్నాడు" అని బాబాయి సీసా పైకెత్తాడు. అంత దూరం నుంచి ఎవరికి కనిపిస్తుంది? పైగా చేతిలో ఊగి మడ్డి అంతా కలిసిపోయి, మామూలు మట్టినీళ్లలా ఉన్నాయి. అధికారి మర్యాదగానే, "మీరు 22లో మాట్లాడారు కదండీ, రాసి ఇవ్వండి" అని 64ను పిలిచారు. చివర్లో అభ్యంతరాల జాబితా తెలుగులో చదివారు. అది వినడానికి షామియానా కింద ముప్పైమందికి మించి లేరు.

నెల తర్వాత బాబాయి ఆ సభ వివరాల నకలు సంపాదించాడు. మాట్లాడినవాళ్ల పేర్లు వరుసగా ఉన్నాయి. 62 తర్వాత 64 ఉంది. సీసా ఇప్పటికీ వాళ్ల వరండా కిటికీలో ఉంది, మడ్డి మళ్లీ అడుగుకు చేరింది. ఆ రాత్రి వాన గట్టిగానే కురిసింది. ఆయన ధాన్యం తడవలేదట.